దుకాణం గుడ్డ మీద కుట్టు

మా కొంపల్లి అపార్ట్‌మెంటు కింద ఒకామె పాత బట్టలు సరిచేసే చిన్న దుకాణం పెట్టింది. మొన్న కూరగాయలు తీసుకుని వస్తుంటే, ఆమె మిషనుకు నూనె వేస్తోంది. ఆ వాసన తగలగానే సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నాకు కుట్టు నేర్పిన హాజిరా ఖాలా కొంగు నుంచి ఎప్పుడూ అదే వాసన వచ్చేది. ఆమెను తలుచుకుంటే ముందు ప్రేమ కలుగుతుంది, ఆ వెంటనే సిగ్గేస్తుంది.

తొంభైలు ముగుస్తున్న రోజుల్లో మా వారి ఉద్యోగం కోసం తెనాలి నుంచి మేడ్చల్ వచ్చి, ఊరి చివర కొత్త కాలనీలో అద్దెకు దిగాం. మా వీధి దాటితే పాత ఊరు. అందులో మొదటి ఇల్లు ఖాలాది. భర్త పోయాక కుట్టు మీదే ముగ్గురు పిల్లల్ని పెంచింది. ఊరంతా ఆమెను ఖాలా అనే, అంటే పిన్ని అనే, పిలిచేది. నేనూ ఆ పిలుపే అందుకున్నాను. పొద్దుపోక వెళ్ళి కూర్చుంటే, ఊరికే కూర్చోనిచ్చే మనిషి కాదు. చేతికి సూదీ దారం ఇచ్చింది. కుట్టు వంకరపోతే మారుమాట లేకుండా మొత్తం విప్పేసేది. నాకు ఏడుపొచ్చేది. అయినా ఏడాది తిరిగేసరికి నా జాకెట్లు నేనే కుట్టుకోగలిగాను.

మిషను కొనుక్కుంటానంటే నాకన్నా ఆమే ఎక్కువ సంబరపడింది. చీటీ ఎత్తిన డబ్బు కాస్త ఉంది. ఒకసారి తప్పు కొంటే మళ్ళీ కొనే స్తోమత లేదు. అందుకని తనే నన్ను మేడ్చల్ బజారుకు తీసుకెళ్ళింది. దుకాణదారు ఏ మిషను చూపించినా తన గుడ్డ ముక్క పెట్టి కుట్టబోయేవాడు. ఖాలా ఆ ముక్క పక్కన పడేసి, ఇంటి నుంచి తెచ్చిన మెత్తటి చీర పేలిక, నాలుగు మడతలు వేసిన పాత లుంగీ ముక్క సూది కింద పెట్టేది.

“దుకాణపోళ్ళ గుడ్డ గంజి బెట్టినట్టు గట్టిగుంటది బిడ్డా. దాని మీద ఏ మిషినైనా మస్తు కుడ్తది. నువ్వు ఇంట్ల కుట్టేది ఏంది? మెత్తటి చీరలు, పాత లుంగీలు. గవే దెచ్చి కుట్టి సూడాలె.”

అలా అన్నీ తిరగేసి, కాలితో తొక్కే పాత నల్లమిషను ఒకటి ఏరింది. నా ముఖం చూసి, “పాతదని సిన్నబోకు. తిన్నగ కుడితే సాలు నీకు. గా పూల కుట్లన్నీ రొండు దినాల సంబురం” అంది. బెల్టు మార్పించి ఉంచమని చెప్పి, ఆదివారం వచ్చి తీసుకుందామంది.

శనివారం నేనొక్కదాన్నే బజారుకు వెళ్ళాను. దుకాణంలో తెల్లటి కొత్త మిషను దిగింది. మోటారుంది, పూల డిజైన్లు వేస్తుంది. దుకాణదారు తన గుడ్డ మీద ముత్యాల్లాంటి కుట్టు వేసి చూపించాడు. మా కాలనీ ఆడవాళ్ళు వచ్చి కూర్చునే ముందుగదిలో ఆ నల్లమిషను ఊహించుకుంటే నాకు నామోషీ అనిపించింది. తెల్లదాన్నే ఆటోలో వేయించుకొచ్చాను.

ఆదివారం పొద్దున్నే ఖాలా గుడ్డల సంచీతో గుమ్మంలో నిలబడింది. అట్టపెట్టె చూసి, “ఎవరు దెచ్చిన్రు?” అని అడిగింది.

“మా వారు, ఖాలా. నాకు చెప్పకుండా తెచ్చేశారు” అన్నాను.

ఆమె గుడ్డల సంచీ కింద పెట్టి, “మొగోళ్ళకేం ఎరుక! పోనీ, ప్రేమతోని తెచ్చిండు” అంది.

పైన పటారం, లోన లొటారం. మెత్తటి గుడ్డ పెడితే కుట్లు తప్పేది, మందంగుడ్డ పెడితే సూది విరిగేది. కరెంటు పోతే ఇక అంతే సంగతులు. ఖాలా తన పని మానుకుని మధ్యాహ్నాలు వచ్చి, సూదులు మార్చి, దారం బిగువు సరిచేసి, ఎలాగో దానితో పని చేయించేది. మా వారు కనబడితే వదిలేది కాదు. “బాబూ, ఇగ ఏం కొన్నా నన్నడుగు” అని ఆటపట్టించేది. ఆయన నా వైపు చూసి, నవ్వి తలూపేవారు. రాత్రి కూడా ఒక్క మాట అనేవారు కాదు.

తర్వాత ఆమె శామీర్‌పేటలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. ఎనిమిదేళ్ళకు, అసలు సంగతి చెప్పేయాలనే వెళ్ళాను. ఖాలాకు చూపు బాగా మందగించింది. నా గొంతు గుర్తుపట్టి చెయ్యి వదల్లేదు. అప్పుడే మనవరాలికి మిషను కొనాలనుకుంటున్నారు. “గీ అక్కను దీస్కపో. నా చేతికింద నేర్సుకున్నది. గీమెను ఏ దుకాణపోడు మోసం జెయ్యలేడు” అంది ఆ పిల్లతో. ఆ మాట విన్నాక, చెప్పాలని వచ్చిన సంగతి దాచేసుకుని ఆ పిల్లతో బజారుకు బయల్దేరాను.

ఆ పిల్లకు మంచి మిషనే ఏరి ఇచ్చాను. ఇంటికి తెచ్చాక ఖాలా దాన్ని రెండు చేతులతో తడిమి, చక్రం తిప్పి చూసి, “మీ ఆయన దెచ్చిన దాని లెక్క లేదు గద?” అని పకపకా నవ్వింది.

నేనూ నవ్వాను. మరుసటేడే ఆమె పోయింది. గుమ్మంలో చెప్పిన అబద్ధానికి చిన్నతనమని సర్దిచెప్పుకోగలను. చూపు సరిగా ఆనని ఆ మనిషి ఎదుట కూర్చుని నవ్వినందుకు మాత్రం ఈరోజుకీ ఏ సాకూ దొరకలేదు.