పరువు తగ్గలేదన్న సాక్షి

నా మీద పరువు నష్టం కేసు పడిందని తెలిసినప్పుడు ముందు నవ్వొచ్చింది. సమన్లలో నా పేరు చూసుకున్నాక ఆ నవ్వు ఆగిపోయింది.

ఉదయగిరి నుంచి ఒక చిన్న పత్రికకు వార్తలు రాస్తాను. పూడికతీత పేరుతో మా ఊరి చెరువు మట్టి టిప్పర్లకెక్కి, ఆత్మకూరు రోడ్డు పక్కన ఒక నాయకుడు వేసిన ప్లాట్లలోకి పోతోందని రాశాను. ఆయనది మా ఊరే. తరాలుగా ఊరి పెత్తనం వాళ్లింటిదే. పేరు పెట్టి మరీ రాశాను. కోపమొస్తే నా చెయ్యి ఆగదు మరి! ఆయన ఆత్మకూరు కోర్టుకెక్కాడు. ఊరి నడుమ మైకు పట్టుకుని తప్పయిందని చెబితే కేసు వెనక్కి తీసుకుంటానని కబురు పంపాడు. చెప్పకపోతే జైలుకు పంపిస్తానన్నాడు.

మా నాయనకు గొర్రెలున్నాయి. కోతలయ్యాక మా మంద కట్టేది ఆ నాయకుడి చేలలోనే. ఎరువు ఆయనకు, మేత మాకు. ఇకమీదట మందను రానిస్తాడో లేదోనని నాయనకు దిగులు.

"ఒక్క మాట చెప్పేస్తే పోలా? నోరేమన్నా అరిగిపోద్దా?" అనేవాడు.

"రాసింది నిజమైనప్పుడు ఎందుకు చెప్పాల నాయనా?"

"నిజం కూడు పెడద్దా?" అని కండువా దులుపుకుని లేచిపోయేవాడు.

మా వకీలు పెద్దాయన. "నిజమే రాసి, జనం మేలు కోసం రాసుంటే చట్టం నిన్ను కాపాడుద్దమ్మా. కానీ నువ్వు తీసిన ఫోటోల్లో టిప్పర్లు ఉండాయి గానీ, అవి ఎవరివో లేదు. చూసినోళ్లను ఒక్కర్ని తీసుకురా" అన్నాడు. ఊరంతా తిరిగాను. ఆ టిప్పర్ల దుమ్ము వాళ్ల వంటిళ్లలోకి కూడా వచ్చింది. అయినా ఎవరూ ఏమీ చూడలేదట! ఒళ్లు మండిపోయింది. ఆ మంట కింద భయం కూడా ఉంది, దాచుకోవడమెందుకు.

అయితే నాయకుడు కూడా ఒకటి చూపించుకోవాలి. నా వార్త వల్ల జనంలో తన మీద గౌరవం తగ్గిందని ఎవరో ఒకరు చెప్పాలి. అందుకు తన వెంట ఎప్పుడూ తిరిగే మనిషినే సాక్షిగా తెచ్చాడు. ఆయన పుట్టినరోజుకు ఫ్లెక్సీలు కట్టించేది ఈ మనిషే. మా వైపు అన్న ఎదురుగా అన్నను తక్కువ చేసే మాట అనుచరుడి నోట రాకూడదు. కోర్టయినా, కల్లమైనా అంతే.

"ఆ వార్త చదివాక వీరి మీద మీకు గౌరవం తగ్గిందా?" అని వాళ్ల వకీలే అడిగాడు.

సాక్షి నాయకుడి వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఎందుకు తగ్గుద్ది సార్? అన్నంటే మాకు ప్రాణం!"

"మీ సంగతి సరే. ఊళ్లో జనం ఏమనుకున్నారు?"

"ఒక్కడు గూడా నమ్మలా. అన్న పేరు ఇంకా పెరిగిండాది సార్!"

నాయకుడు తృప్తిగా తలూపాడు. తన వకీలు ముఖం చూశాక గానీ ఆ ఊపడం ఆగలేదు. మా పెద్దాయన సగం లేచి, "నేను అడిగేదేం లేదు" అని కూర్చున్నాడు. తర్వాత వచ్చిన సాక్షులదీ అదే వరస. ఒకరిని మించి ఒకరు పొగిడారు.

కేసు కొట్టేశారు. హమ్మయ్య! గుండెల మీంచి బరువు దిగింది. కోర్టు మెట్ల మీదే కూలబడి కళ్లు తుడుచుకున్నాను. నన్ను గెలిపించింది నేను రాసిన నిజం కాదని తెలుసు. ఆ మనిషి భక్తి గెలిపించింది. ఆ పూటకు అదీ తియ్యగానే ఉంది.

బస్టాండు దగ్గర నాయన, నేను టీ తాగాం.

"మళ్లీ రాస్తావా?" అన్నాడు.

"రాస్తా."

తిడతాడనుకున్నాను. గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు.

"అట్లయితే ఈసారి నా పేరు గూడా ఎయ్యి. ఆ టిప్పర్లు ఎవురివో నాకు తెలుసు. చెరువు కట్ట కింద గొర్రెలు మేపుకుంటా రోజూ చూసినా."

ఊరంతా అడిగాను, మా ఇంట్లో అడగాలని తోచనే లేదు.

"నువ్వు అడుగుతావేమోనని ఇన్నాళ్లూ మాట మధ్యలోనే లేచిపోతా వచ్చినా తల్లీ" అన్నాడు నాయన. "ఇంక నా వల్ల గాదు. రాసుకో."