నిలబడి ఊదలేని బహదూర్ తాత

మా బహదూర్ తాత క్లారినెట్ ఊదితే సిడ్నీ వంతెన కూడా పెళ్లికొడుకు వెనకాల నాలుగడుగులు నడుస్తుంది. నమ్మనివాళ్లు సిడ్నీలో మేముండే బ్లాక్‌టౌన్ వచ్చి చూసుకోవచ్చు.

ఇక్కడికి మా దగ్గరికి రాకముందు తాత నంద్యాలలో ముప్పై ఏళ్లు పెళ్లి బ్యాండులో ఊదాడు. ఆ ఊరేగింపుల వీడియోలు బోలెడున్నాయి. ఒక్కదానిలోనూ ఆయన ఊదుడు వినపడదు. బ్యాండు చప్పుడు తీసేసి సినిమా పాట అతికించేవారు. బుగ్గలు తాతవి, గొంతు ఇంకెవరిదో. తన ఊదుడు తాను ఒక్కసారి సరిగ్గా వినాలని డెబ్బై నాలుగేళ్లొచ్చినా ఆయన కోరిక. ఫోన్‌లో రికార్డు చేస్తానంటే, "దోమ పాడినట్టుంటాది, పో మే" అని కసిరేవాడు.

మొన్న మార్చిలో ఇక్కడి ఒక పెళ్లిలో తాత ఊదుతుంటే డ్రమ్మర్ కుశాల్ విన్నాడు. అతనిది జాజ్-ఫంక్ బ్యాండు. ఊరూరా కచేరీలు చేస్తూ, మధ్యలో దొరికిన రోజుల్లో ఆల్బం రికార్డు చేసుకుంటున్నారు. ఒక పాటకి తాతను పిలిచాడు. రికార్డింగు రోజు సాయంత్రానికే వాళ్లు కచేరీకి బ్రిస్బేన్ బయల్దేరాలి.

తాత పాత బ్యాండు కోటు ఇస్త్రీ చేసుకుని నాతో వచ్చాడు. స్టూడియోలో డ్రమ్స్ మొదలయ్యాయి, తాత అందుకున్నాడు. రెండు వరుసలు అదిరిపోయాయి. మూడో వరుసకి మైకుని వదిలేసి తలుపు వైపు నడుస్తున్నాడు. ఊరేగింపు అలవాటు!

"అంకుల్, కదలొద్దు ప్లీజ్," అన్నాడు కుశాల్.

మూడుసార్లూ అంతే. చివరికి నేల మీద గుండ్రంగా టేపు అతికించారు. తాత అందులో నిలబడి ఊదాడు. పాటలో ప్రాణం పోయింది.

"నిలబడి ఊదేదానికి నేనేమన్నా కరెంటు స్తంభమా?" అని నామీద అరిచాడు. "అడుగు పడకుంటే ఊపిరి లేస్తాదా మే?"

టైము మూడయింది. ఈ పాట వదిలేద్దామన్నారు బ్యాండువాళ్లు. తాత క్లారినెట్ విప్పి ముక్కలు పెట్టెలో సర్దసాగాడు. ఆ చేతుల్ని చూడలేకపోయాను. యూనివర్సిటీ చదువు మధ్యలో మానేసినదాన్ని, నాకు తెలిసిన సైన్సు అంతంతే. అయినా తాతని మళ్లీ ఊదమని, మైకుని ఒక కర్రకి కట్టి, ఆయన ముందు పట్టుకుని వెనక్కి నడిచాను. గదంతా తిరిగాం. వైరు కాళ్లకి చుట్టుకుని పడబోతే, తాత ఊదుతూనే కళ్లతో తిట్టాడు.

తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నాడు. పాట అయిపోయాక కూడా చాలాసేపు వాటిని తీయలేదు.

ఇంటికొచ్చే రైల్లో అడిగాను. "ఇన్నేళ్లకి విన్నావు కదా తాతా, ఎట్లుంది?"

"ఊదింది బాగనే ఉంది. పెండ్లి యాడుందే దాంట్లో? ముందర నువ్వొక్కదానివి, అదీ వెనక్కి నడుస్తా."