తిరిగేవాళ్ల గుణం

1974లో, బాలానగర్‌లోని ఒక చెక్కబొమ్మల షెడ్డులో జరిగిన సంగతి ఇది. అప్పుడే రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు రాయడం రాదు. అక్షరాలు నేర్చుకునేసరికి అరవై దాటాయి. కాలనీ హాలులో సాయంత్రం పూట పెద్దవాళ్లకు చెప్పే తరగతికి రెండేళ్లు వెళ్లాను. అంతకుముందు ఎన్నో ఏళ్లు ఆ షెడ్డులో చెక్కబిళ్లల మీద అక్షరాలకు రంగు వేశాను కానీ, నాకు అవి అక్షరాలు కావు, వంకరలు. 'రాజు' అని ఎన్ని వేల బిళ్లల మీద వేశానో. అది రాజు అని తరగతిలో తెలిసింది.

మేముండే బిల్డింగులోనే ఒక అమ్మాయి ఉంది. హైటెక్ సిటీలో కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఆఫీసులో పని. ఒకరోజు లిఫ్టు దగ్గర నిలబడే కునుకు తీస్తోంది. ఏం పని బిడ్డా అంతగనం అంటే, "రాజ్యాల ఆట అమ్మమ్మా. ఒక్కో జాతికి ఒక్కో ట్రెయిట్ పెట్టాలి. వారంలో ముప్ఫై" అంది. ట్రెయిట్ అంటే గుణం. ఈ జాతివాళ్లు ఓడలు బాగా కడతారు, ఆ జాతివాళ్లు గుర్రాల మీద వేగంగా పోతారు, అట్లాంటివి. ఆ పని నేనూ ఒకసారి చేశానంటే నవ్వింది. తర్వాత, నిజమా అని అడిగి, రాసిపెట్టమంది. అందుకని రాస్తున్నాను.

అప్పుడు మా ఇల్లు మాదాపూర్‌లో. పొద్దున్నే రాళ్లగుట్టల మధ్య కాలిబాటన కూకట్‌పల్లి రోడ్డుకు నడిచి, అక్కడ బస్సు ఎక్కి బాలానగర్‌లో దిగేదాన్ని. షెడ్డు యజమాని వెంకటరత్నం సార్. గుడివాడ వైపు మనిషి. బళ్లో చరిత్ర పాఠం చెప్పి, మానేసి, ఇక్కడికి వచ్చి పిల్లల బొమ్మలు, క్యారమ్ బిళ్లలు చేయించేవారు. పనివాళ్లను కూడా 'మీరు' అనేవారు. దానికి మా అనసూయ వెనకాల నవ్వేది. "యాదమ్మ గారండీ, జర టర్పెంటైన్ డబ్బా ఇటు జరపండీ" అని నన్ను ఆటపట్టించేది.

పెయింటింగు గదిలో అనసూయ, నేను, సాయమ్మ పక్కపక్కన కూర్చునేవాళ్లం. సాయమ్మ మితంగా మాట్లాడే మనిషి. ఎప్పుడూ పొడిదగ్గు. చిన్నప్పటి నుంచీ ఉందనేది. మా గది అవతల సాండింగు షెడ్డు. అంటే చెక్కను ఉప్పు కాగితంతో నున్నగా రుద్దేచోటు. అక్కడ గాలంతా పొట్టు. ఒక్క పూట పనిమీద అటు వెళ్లొస్తే సాయమ్మ రెండు రోజులు ఊపిరి అందక అవస్థ పడేది. పెయింటింగులో కూర్చోబెట్టారు కాబట్టి ఆమె పనిలో నిలబడగలిగింది.

ఆ ఏడు సార్‌కు కొత్త ఆలోచన వచ్చింది. బళ్లలో పిల్లలు చరిత్రను ఆడుకుంటూ నేర్చుకోవాలని ఒక అట్టమీది ఆట. గళ్లు గీసిన దేశం, అందులో నాలుగు జాతులు. ఏటి ఒడ్డువాళ్లకు పంట ఎక్కువ. కొండవాళ్ల మీద దాడి చేయాలంటే రెండింతల బలం కావాలి. కోటవాళ్లు తలుపు వేసుకుంటే ఎవరూ లోపలికి రాలేరు. నాలుగోది తిరిగేవాళ్లు. వీళ్లు ఒక్కసారే రెండు గళ్లు నడుస్తారు. చెక్కపూసలే గింజలు. ఎవరి బుట్టలో ముందుగా ఇరవై గింజలు పడితే వాళ్లు గెలిచినట్టు.

"తిరిగేవాళ్లకు ఊరు లేదు, పొలం లేదు. మరి గింజలు ఎక్కడి నుంచి వస్తాయండీ?" అని ఒకరోజు సార్ మమ్మల్నే అడిగారు.

నేను బ్రష్షు కడుగుతున్నాను. తల కూడా ఎత్తలేదు. "ఏడికెళ్లి వస్తయ్ సార్, దొంగతనం జేస్తరు. మా ఊరి బయట డేరాలు ఏసిన్రంటే మా అమ్మ కోళ్లన్నిటిని గంప కింద కమ్మేది" అన్నాను.

"అదీ! ఇట్లాంటివి పుస్తకాల్లో దొరకవండి" అని సార్ ముచ్చటపడి రాసుకున్నారు. తిరిగేవాళ్లు ఏ ఊరి పక్కన ఆగితే ఆ ఊరి బుట్టలోంచి అడగకుండా ఒక గింజ తీసుకోవచ్చు. అది వాళ్ల గుణం. చదువు రానివాళ్లకు కూడా తెలియాలని కార్డు మీద సంచిలో దూరిన చెయ్యి బొమ్మ పెట్టాం. పాత ఎక్స్‌రే ఫిల్ము మీద ఆ బొమ్మ స్టెన్సిల్ కోసింది నేనే. స్టెన్సిల్ అంటే కంత కోసిన అచ్చు. పైన పెట్టి రంగు అద్దితే కింద బొమ్మ పడుతుంది.

ఆటను అచ్చుకు ఇచ్చేముందు ఆడి చూడాలి. దాన్ని సార్ టెస్ట్ అనేవారు. రోజూ అన్నం తిన్నాక మేం ముగ్గురం, సార్ కూర్చునేవాళ్లం. కోట సార్‌ది, ఏరు అనసూయది, కొండ నాది. మిగిలిన తిరిగేవాళ్లు సాయమ్మకు పడ్డారు. మొదట్లో సరదాగా ఉండేది. పది రోజులకే విసుగొచ్చింది. పొద్దుటినుంచి వంచిన నడుం వాల్చే అరగంట కూడా ఆటకే పోయేది.

సాయమ్మ రోజూ ఓడిపోయేది. రెండేసి గళ్లు నడుచుకుంటూ దేశమంతా తిరిగేది. ఏ బుట్టలోనూ చెయ్యి పెట్టేది కాదు.

"ఏందే సాయమ్మా, బొడ్డెమ్మ సుట్టు తిరిగినట్టు తిరుగుతున్నవ్! ఒక్క గింజన్న గుంజవేందే?" అనేది అనసూయ.

"తిరగనీయ్. కాళ్లు నావే గద" అనేది సాయమ్మ.

సార్ రోజూ ఫలితం రాసుకునేవారు. "ఈ జాతి మరీ బలహీనంగా ఉందండీ" అని ఒక గింజను రెండు చేశారు. కార్డులన్నీ మళ్లీ వేశాం. అయినా సాయమ్మ ఓడింది. మూడు చేశారు. మళ్లీ కొత్త స్టెన్సిల్, మళ్లీ కార్డులు. మూడోసారి వేసేటప్పటికి నా బొటనవేలు తిమ్మిరెక్కి బ్రష్షు నిలవలేదు. అయినా సాయమ్మ బుట్ట ఖాళీయే. చివరికి ఒక బుధవారం సార్ ఆ కార్డు అనసూయకు ఇచ్చి చూశారు. సగం ఆటకే మా అందరి బుట్టలూ ఊడ్చిపెట్టుకుపోయింది అనసూయ.

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇన్నాళ్లూ లోపం గుణంలో లేదని అప్పుడు ఆయనకు తోచింది. సాయమ్మ లేచి వెళ్లాక నాతో అన్నారు. "ఆవిడకు ఆట అర్థం కావడం లేదండీ. మూడు వారాలు వృథా అయింది. ఒక్క గింజ గుణమే ఉంచి శుక్రవారం మధ్యాహ్నం బ్లాక్ చేయడానికి ఇచ్చేద్దాం. ఇకనుంచి పెయింటింగు గదిలో ఇదే పని. ఆవిడ సాండింగుకు వెళ్తే నయం. సోమవారం నుంచి మార్చేద్దాం."

బ్లాక్ అంటే అచ్చువేసే రేకు. ఒకసారి చేయించాక మార్చడం ఉండదు. కానీ నా మనసులో బ్లాక్ లేదు, పొట్టు ఎగిరే ఆ షెడ్డు ఉంది.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర సాయమ్మకు చెప్పాను. "సోమవారం నుంచి నిన్ను రుద్దుడు షెడ్డుకు ఏస్తున్నరు. ఎందుకు తియ్యవే గింజ? ఆటే గద, నిజంగ తీస్తున్నవా?"

ఆమె చాలాసేపు చేతులు కడుక్కుంటూనే ఉంది. "అక్కా, ఒక మాట అడుగుత. మీ అమ్మ గంప కింద కమ్మిన కోళ్లు, మావోళ్లు డేరా ఎత్తినంక ఏమన్న తక్కువైనయా?"

మావోళ్లు అంది. నాకు అప్పుడు అర్థమైంది. చిన్నప్పటి నుంచీ ఉన్న ఆ దగ్గు ఎక్కడిదో కూడా తెలిసింది. వాళ్లు గాడిదల మీద సామాను వేసుకుని ఊరూరా తిరుగుతూ విసుర్రాళ్లకు గంట్లు కొట్టేవాళ్లు. విసరగా విసరగా రాయి నున్నబడుతుంది. అప్పుడు ఉలితో గంట్లు కొట్టకపోతే పిండి పడదు. కొట్టినప్పుడల్లా రాతిపొడి ముఖాన లేస్తుంది.

కోళ్ల సంగతి ఆలోచించాను. ఒక్క కోడి పోయినట్టు గుర్తులేదు. గుర్తొచ్చింది వేరే. ఒక ఏడు వాళ్లు మా ఊరికి రాలేదు. జొన్నలు ఎంత విసిరినా నూకలే పడేవి. మా అమ్మ అరచేతులు బొబ్బలెక్కాయి. "ఈ యేడు ఏడ చచ్చిన్రో" అని రోజూ వాకిట్లోకి వచ్చి వాళ్ల కోసం చూసేది. గంప కింద కోళ్లను కమ్మిందీ మా అమ్మే. రెండూ చూసినదాన్ని, సార్ అడిగితే ఒక్కటే చెప్పాను.

"ఎవ్వరికి జెప్పకక్కా" అంది సాయమ్మ. "రేపు ఒక బ్రష్షు కనవడకపోతే ముందుగాల నా సంచే ఇప్పుతరు."

చెప్పనన్నాను.

మర్నాడు గురువారం, షెడ్డు తెరవగానే సార్ దగ్గరికి వెళ్లాను. "సార్, గా గుణం అబద్ధం."

"ఏ గుణమండీ?"

"తిరిగేటోళ్లది. మా ఊర్ల ఒక్క కోడి పోలే. ఎవ్వలు తీసింది నేను జూడలే. నోటికొచ్చింది చెప్పిన."

"కానీ ఒక్క గింజ దగ్గర బ్యాలెన్స్ కుదిరినట్టే కదండీ." ఏ జాతీ ప్రతిసారీ గెలవకుండా, ప్రతిసారీ ఓడకుండా ఉంటే దాన్ని బ్యాలెన్స్ అంటారు. "ఆట బాగా నడుస్తుంది."

"నడుస్తది సార్. నిజం గాదు."

సార్ చెయ్యి బొమ్మ కార్డు చేతిలోకి తీసుకుని, "నిజమో కాదో చూడకుండా ఏళ్ల తరబడి పాఠం చెప్పానండి. పరీక్షలో పిల్లలు అట్లాగే రాస్తే మార్కులు వేసింది నేనే" అన్నారు. తర్వాత గడియారం చూసి, "ఈరోజు అన్నం తిన్నాక ఒక్క ఆట. కొత్త గుణం మీరే తెండి. నిలబడితే సరే. లేకపోతే ఉన్నదే పోతుంది" అన్నారు.

రంగు వేస్తూనే ఆలోచించాను. కార్డు వెనక బొగ్గుతో విసుర్రాయి గీశాను. తిరిగేవాళ్లు ఆగిన ఊరికి తర్వాతి పంటలో రెండు గింజలు ఎక్కువ. అందులో ఒకటి వాళ్లకు కూలి. ఇంతేనా అనిపించింది. అమ్మ బొబ్బలు గుర్తొచ్చి ఇంకొకటి కలిపాను. మూడు చుట్ల దాకా వాళ్లు రాని ఊరికి సగం పంటే.

ఆట మొదలయ్యాక నాలుగో చుట్టుకు అనసూయ పంట సగానికి పడింది. "అయ్యో, నా ఏరు! సాయమ్మా, ఇటు రాయే, నా రాయి మొద్దుబారింది!"

"జర ఆగు. నిన్న బుట్టలన్ని ఊడ్చినవ్ గద, గవి తిను" అంది సాయమ్మ. మూడు వారాల్లో ఆమె అన్న మొదటి పరాచికం అది. ముందు నా కొండకు వచ్చింది. తర్వాత ఏటికి వెళ్లింది. కోట పక్కనుంచి రెండుసార్లు ఊరకే నడిచిపోయింది.

"సాయమ్మ గారూ, మా కోట సంగతేమిటండీ?"

"మీ తలుపు ఏసి ఉంది సార్. ఎట్ల వస్త?"

"తీస్తే కొండవాళ్లు దూరతారండీ."

"దూరుతరేమో. మూస్తే పిండి లేదు."

అనసూయ పడీపడీ నవ్వింది. సార్ బుట్టలో నాలుగు గింజలే మిగిలాయి. చివరికి తలుపు బిళ్లను తన చేత్తోనే పక్కకు జరిపి, "తీశానండీ, దయచేయండి" అన్నారు. ఆ ఆట నేను గెలిచాను. సాయమ్మది రెండో స్థానం. రెండు గింజలు తక్కువ.

సార్ సంతోషం పట్టలేకపోయారు. "ఏ ఊరికి ఎప్పుడు వెళ్లాలో మీకు ఎట్లా తెలుస్తోందండీ? అచ్చం ఆ మనుషుల్లో పుట్టినట్టే ఆడారు!"

ఆయన మెచ్చుకోలుగానే అన్నారు. నేను తల వంచుకున్నాను. ఏదో ఒకటి చెప్పి మాట మార్చాలని నోరు తెరిచేలోపే సాయమ్మ అంది. "వాళ్లల్లనే పుట్టిన సార్. మా అయ్య గంట్లు కొడుతుండె. నేను రాళ్లు పట్టుకుంటుంటి."

సాయమ్మ కాసేపు దగ్గింది. సార్ కుర్చీలోంచి లేచి, "సాండింగు మాట మరిచిపోండి. మీ చోటు ఇక్కడే" అన్నారు. రేపు వెళ్లే బ్లాకుకు విసుర్రాయి బొమ్మే వెయ్యమని నాకు చెప్పారు. అనసూయ గింజలు ఏరి సంచిలో వేసింది. వేసినవాటిని మళ్లీ బయటికి తీసి లెక్కపెట్టింది.

ఆ ఆట పెద్దగా అమ్ముడుపోలేదు. నాలుగైదు బళ్లు తీసుకున్నాయి. తర్వాత సార్ మళ్లీ క్యారమ్ బిళ్లలకే వచ్చారు. సాయమ్మ మాత్రం షెడ్డు మూతపడే దాకా పెయింటింగు గదిలోనే ఉంది.

మా బిల్డింగు అమ్మాయికి చెప్పగలిగింది ఇంతే. గుణం కుదిరిందంటే అది నిజమని కాదు బిడ్డా. మనందరం ముందే నమ్మినదైతే తొందరగా కుదురుతుంది. టెస్టులో ఎవరైనా ఒక కార్డు వాడకపోతే దాని బలం పెంచుతూ పోవద్దు. ఎందుకు వాడలేదో ఆ మనిషినే అడుగు. మేం అడగడానికి మూడు వారాలు పట్టింది. కార్డు మీద చెయ్యి బొమ్మను ఒక్క పూటలో మార్చాను. పక్కన కూర్చున్నవాళ్ల మనసుల్లోంచి దాన్ని తీయడం నా వల్ల కాలేదు. మొదట ఆ మాట అన్నది నేనే కాబట్టి ఆ బరువు ఇప్పటికీ ఉంది.

ఆ ఆట ఆడిన మర్నాడు, శుక్రవారం, బస్సు తప్పి ఆలస్యంగా వెళ్లాను. మా అన్నం డబ్బాలన్నీ గుమ్మం పక్కన చెక్క అరలో వరసగా పెట్టుకునేవాళ్లం. ఆ రోజు అరలో ఒక్క డబ్బానే ఉంది, సాయమ్మది. అనసూయ డబ్బా, సాండింగు వాళ్ల డబ్బాలు ఎవరివి వాళ్ల పీటల కింద, కాళ్ల మధ్య ఉన్నాయి. సాయమ్మ తల వంచుకుని రంగు వేస్తోంది. నేను నా డబ్బా తీసి ఆమె డబ్బా పక్కన పెట్టాను. లోపలికి వెళ్లి నా పీటను ఆమె వైపు జరుపుకుని, విసుర్రాయి స్టెన్సిల్ కోయడానికి కూర్చున్నాను.