తీపి పోయేదాకా కడగాలి

మావయ్య పోయారని ఫోను వచ్చేసరికి నేను ఖుర్సీపార్‌లో, పనిచేసే స్టూడియోలో, ఎవరివో పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తున్నాను. చేసింది అత్త. "మీ మావయ్య ఎల్లిపోనారే" అంది, అంతే. అలాంటి మాట వింటే ఎవరికైనా ముందు ఏడుపు వస్తుంది. నాకు భయం వచ్చింది. ఆయనతో చెప్పాల్సిన నిజం ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. ఫోటోలకొచ్చినాయన "క్యా హువా దీదీ" అని అడుగుతుండగానే కత్తెర అక్కడ పడేసి క్యాంప్ వన్‌లోని మా గల్లీకి బయల్దేరాను.

ఆయన మాకు చుట్టం కాదు. మా గోడా వాళ్ళ గోడా ఒకటే, కాబట్టి మావయ్య. ఇక్కడ ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో విజయనగరం వైపు నుంచి తండ్రి చెయ్యి పట్టుకుని వచ్చి, పెద్దయ్యాక అదే ప్లాంటులో ఫోటోలు తీసే ఉద్యోగం చేశారు. రిటైరయ్యాక ఇంట్లో స్నానాలగదినే డార్క్‌రూమ్ చేసేశారు. వెంటిలేటర్‌కి కంబళి, ఒక ఎర్ర బల్బు, మూడు ప్లాస్టిక్ ట్రేలు. సొంత ఇంట్లో తను స్నానం చెయ్యాలంటే అత్త ముందురోజే చెప్పుకోవాల్సి వచ్చేది.

నాకు పని నేర్పింది ఆ గదిలోనే. మందునీళ్ళలో తెల్ల కాగితం మీద మొహం మెల్లగా తేలుతుంటే నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని. ఆయనకి అదో విషయమే కాదు. "రప్పించడం ఎవుడైనా రప్పిస్తాడే గుంటా. ఉంచడమే పని" అనేవారు. ఉంచడం అంటే కడగడం. బొమ్మ నిలవడానికి వాడే హైపో అనే మందు కాగితం పోగుల్లోకి దిగిపోతుంది. పారే నీళ్ళలో గంటసేపు కడిగితేగాని వదలదు. వదలకపోతే ఇవాళ నిగనిగలాడే బొమ్మ కొన్నేళ్ళకి పసుపెక్కి, తర్వాత గోధుమరంగుకి తిరిగి, మొహం మొహంలా ఉండదు.

కడగడం అయిందో లేదో చూడ్డానికి ఆయనకి ఒకటే పరీక్ష. కాగితం మూల నాలిక్కి ఆనించుకునేవారు. హైపో తియ్యగా ఉంటుంది. తీపి తగిలిందా, మళ్ళీ నీళ్ళలోకి. అత్త గుమ్మంలో నిలబడి ఆ ఇసం నాకి సస్తారని రోజూ తిట్టేది, ఆయన రోజూ నాకేవారు. మొదటి ఏడాది నేను కడిగిన ప్రతి బొమ్మనీ అలా చూశారు. రెండో ఏడాది నుంచి చూడటం మానేసి నన్ను అడగడం మొదలుపెట్టారు. కడిగేవేటి? కడిగాను. అయితే సరే. ఇన్నేళ్ళలో నేను సంపాదించుకున్న గౌరవం ఏదైనా ఉందంటే ఆ "అయితే సరే" ఒక్కటే.

బొమ్మలైపోయాక పుస్తకం. ఆయన పుస్తకాలకి అచ్చాఫీసు లేదు, ప్రచురణకర్త లేడు. ఆ బొమ్మలే పేజీలు, ఆయన కుట్టిందే కుట్టు, అత్త పాత చీర ముక్కే అట్టకి గుడ్డ. ఆరబెట్టడం నులకమంచం మీద, దోమతెర పరిచి. ప్లాంటు ఎర్రదుమ్ము పడకుండా పైన ఇంకో తెర. మైనం పట్టించిన దారంతో కుట్టి, చివర రెండు ముళ్ళు వేసి, ముడి మీద చుక్క జిగురు. "ముడి ఊడితే అది పుస్తకం కాదే, కట్ట" అని నా ముళ్ళని గోటితో గీకి చూసేవారు. ఎవరైనా ఇంత తక్కువ కాపీలు ఎందుకండీ అని అడిగితే, చదివేవాళ్ళు అంతమందే ఉన్నారని చెప్పేవారు.

చివరి పుస్తకం మా గల్లీది. ప్లాంటులో బతుకు వెళ్ళదీసిన తొమ్మిది ఇళ్ళ పెద్దల మొహాలు, ఎప్పుడో ఆయన వయసులో ఉండగా తీసినవి. తొమ్మిదో మొహం మాత్రం ఆయనది, దాన్ని నేను తీశాను. తొమ్మిది ఇళ్ళకీ తొమ్మిది పుస్తకాలు. నెగటివ్‌లకి వానాకాలాల బూజు పట్టి, ఇంకోసారి బొమ్మ తీయడానికి పనికిరాకుండా ఉన్నాయి. కాగితం కూడా దాచుకున్న ఆఖరి పెట్టె, ఆ రకం ఇప్పుడు తయారే కావడం లేదు. ఒక్కసారే, తప్పు చెయ్యకుండా చెయ్యాల్సిన పని.

తప్పు నేను చేశాను.

అప్పటికే ఆయన ఊపిరితిత్తులు పాడై, ఎవరైనా పట్టుకుంటేగాని మంచం దిగలేకపోతున్నారు. డాక్టరు వారాల్లో మాట్లాడుతున్నాడు. బొమ్మలు తీసేటప్పుడు గది గుమ్మంలో కుర్చీ వేయించుకుని చెప్పారు, కడగడం మాత్రం పూర్తిగా నాకు వదిలేశారు. మండువేసవి. కుళాయి పొద్దున్న అరగంట వస్తే గొప్ప. గల్లీ అంతా బిందెలతో లైన్లో ఉంటే, నేను బొమ్మల కోసం గంటసేపు నీళ్ళు పారబోస్తానని ఏ మొహంతో అడగను? ఆయన ఉండగా పుస్తకం చేతిలో పెట్టాలన్న యావ ఒకటి. ట్రేలో నీళ్ళు మార్చి మార్చి పది నిమిషాలు కడిగాను. రోజూ పదే నిమిషాలు. ఎనభై ఒక్క బొమ్మలూ అలాగే కడిగాను. నాలిక్కి ఆనించుకోలేదు, ఆనించుకుంటే తెలిసిపోతుందని.

ఆరిన కాగితాలు తీసుకెళ్ళి ఆయన పక్కన పెట్టాను.

"గంటా కడిగేవేటి?"

"కడిగాను మావయ్యా."

ఆయన నా మొహం చూసి, "అయితే సరే" అన్నారు.

మంచం మీదే ఒరిగి, దగ్గు వచ్చినప్పుడల్లా సూది దిండుకి గుచ్చి, మూడు వారాలు కుట్టారు. ఒక ఆదివారం గల్లీవాళ్ళందరినీ పిలిచి తన చేత్తో ఇచ్చారు. అందరూ ఏడ్చారు, నవ్వారు, ఒకరి పుస్తకం ఒకరు లాక్కుని చూసుకున్నారు. నేను వంటింట్లో టీ గ్లాసులు కడుగుతూ కూర్చున్నాను. ఆ గ్లాసుల్ని మాత్రం బాగా కడిగాను! రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండగా పదిహేనో రోజున ఫోను వచ్చింది.

పెద్దకర్మ అయిన మర్నాడే ఇల్లిల్లూ తిరిగాను. పుస్తకం ఒకసారి ఇవ్వండి, మళ్ళీ ఇస్తాను అంటే ఎవరిస్తారు? మూడో ఇల్లు నూకమ్మ పిన్నిది. ఆమె భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆయన మొహం అంటూ ఇంట్లో ఉన్నది గేటు పాసు మీది గోరంత ఫోటో, ఇప్పుడీ పుస్తకంలో పేజీ. ఆమె పుస్తకాన్ని దేవుడి గూట్లో పెట్టుకుంది. అబద్ధం చెప్పబోయి, ఒక అబద్ధానికే ఇంత అయిందని నిజం చెప్పేశాను. సరిగ్గా కడగలేదు పిన్నీ, బొమ్మ పాడైపోతుంది, మావయ్యకి కడిగానని చెప్పాను అన్నాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఎన్నాళ్ళుంటాదే?"

"తెలీదు. ఐదేళ్ళో, పదేళ్ళో."

"అన్నాళ్ళు నానుంటానేటి? నానున్నన్నాళ్ళూ ఉంటే సాలు. అలగే ఒగ్గీ."

నీ మనవలో, వాళ్ళకి తాత మొహం వద్దా అన్నాను. ఆ పిల్లలకి తెలుగు కూడా సరిగ్గా రాదు, తాతని దాదా అంటూ, ఆయనెవరని అడుగుతారు. ఆమె గూడు తలుపు మూసేసింది. ఇప్పటికీ ఇవ్వలేదు. వారానికోసారి వెళ్ళి గుమ్మంలో నిలబడి వస్తున్నాను.

మిగతా ఇళ్ళలోనూ నిజమే చెప్పాను, కొందరిచ్చారు. ముందు అత్త పుస్తకంతో మొదలుపెట్టాను. విడదీయాలంటే దారం కొయ్యాలి. ఆయన ఆఖరి పని అది, దగ్గుకీ దగ్గుకీ మధ్య కుట్టింది. కత్తెర పట్టుకుని కూర్చున్నాను. ఎందుకు కొయ్యాల్సొచ్చిందో అప్పుడు అత్తకి చెప్పాను. ఆమె ఆశ్చర్యపోకుండా పప్పులో రాళ్ళేరుకుంటూ అంది.

"ఆరికి తెలుసే. నువ్వు పక్కనెట్టి ఎల్లినాక మొదటి కాయితం నాలిక్కి పెట్టుకున్నారు. దారం అందీమన్నారు."

నన్నేమన్నా అన్నారా అని అడిగాను.

"ఏటనలేదు. గుంట అలిసిపోనాది అన్నారు."

తీపి తగిలాక నన్ను నిలదీసి ఉంటే! అదే రోజు మళ్ళీ నీళ్ళలో వేసేదాన్ని కదా. కానీ ఆ కుళాయి ముందు లైను ఆయనకి తెలుసు, తన దగ్గర మిగిలిన రోజులెన్నో తెలుసు, నా మొహమూ చూశారు. ఏడుస్తూనే ముడి కోసం వెతికాను. జిగురు లేదు. రెండు ముళ్ళూ లేవు. పుస్తకం వీపు లోపల, వేలికి అందేలా కొస వదిలి, జారుముడి వేసి ఉంది. ముళ్ళ విషయంలో నన్ను అంత సతాయించిన మనిషి! లాగాను. కుట్టంతా ఒక్కసారిగా వదులై పేజీలు ఒళ్ళో పడ్డాయి. వెంటనే లేచి వెళ్ళి, తెచ్చుకున్న మిగతా పుస్తకాలు కూడా చూశాను. అన్నిటికీ అదే ముడి.

ఇప్పుడు రోజూ పొద్దున్న కుళాయి వచ్చిన అరగంటలో రెండు బిందెలు ఇంటికి, మిగతా ధార ట్రేలోకి. లైన్లో నా వెనక నిలబడ్డవాళ్ళు బిందె కింద పెట్టి చూస్తూ ఉంటారు. నాలుగు పుస్తకాలు వచ్చాయి, ఐదు రావాలి. రెండు పేజీల అంచుల్లో అప్పుడే లేత పసుపు కనిపిస్తోంది, అది నా కళ్ళకేనేమో తెలియదు.

ఇవాళ మావయ్య పేజీ వంతు. నీళ్ళ కింద ఆయన మొహం కదులుతోంది, నోరు కొంచెం తెరిచి, నేను కెమెరా సరిగ్గా పట్టుకోలేదని ఏదో అనబోతూ. కుళాయి ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది. అత్త లోపలి డ్రమ్ములోంచి తాగే నీళ్ళు ఒక బకెట్ మోసుకొచ్చి నా పక్కన పెట్టింది. పేజీ పైకి తీసి మూల నాలిక్కి ఆనించుకున్నాను. ఇంకా తియ్యగానే ఉంది. మళ్ళీ నీళ్ళలో వేశాను.