నెత్తిమీది నల్లద్దాలు

మొన్నామధ్య మా అక్క మనవడు నన్ను వెంటబెట్టుకుని తెనాలిలో సైకిళ్ల షాపుకి వెళ్లాడు. పొద్దున్నే లేచి బాపట్ల దాకా తొక్కి రావడమనే జబ్బొకటి పట్టుకుంది వాడికి. దానికో హెల్మెట్ కావాలట, అదీ మామూలుది కాదు, ఎండ లేనప్పుడు నల్లద్దాలు తీసి దోపుకోవడానికి ముందువైపు చోటుండాలట. ఒక్కొక్కదానికీ అద్దాలు దోపి, తలకిందులు చేసి ఊపి, జారిపడితే పక్కన పడేస్తున్నాడు. పెళ్లిచూపుల్లో కూడా ఇంత పరీక్ష పెట్టరురా అన్నాను. వాడు నవ్వాడు గానీ ఊపడం మానలేదు. చూస్తూ చూస్తూ నాకే నవ్వు పోయింది, ఎందుకంటే వాళ్ల తాత, అంటే మా బావ, కన్ను పోగొట్టుకున్నది అద్దాలు అలా జారబట్టే.

నా ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఎనభైల్లో ఒకే ప్రింటుతో రెండు హాళ్లు నడిపేవాళ్లు. రేపల్లెలో ఆడేసిన రీళ్లని డబ్బాలో పెట్టి, నిజాంపట్నం దారిలో ఉన్న టూరింగ్ టాకీసుకి సైకిలు మీద చేరవెయ్యాలి. ఏడో తరగతిలో బడికి దణ్ణం పెట్టేసిన నేనూ, నాకంటే ముందే పెట్టేసిన మా బావా, ఒకరు వెళుతుంటే ఒకరు వస్తుండేవాళ్లం. హీరోయిన్ ఏడుస్తుంటే చూసేవాళ్లం గానీ, ఎందుకేడుస్తోందో మాకెప్పుడూ తెలిసేది కాదు.

ఆ మట్టిరోడ్డు దుమ్ముకీ, వరిచేల మీంచి ముసిరే పురుగులకీ తట్టుకోలేక మా బావ ఒక క్రిస్మస్‌కి తెనాలిలో నల్లద్దాలు కొన్నాడు. ఎండకి తలకి తువ్వాలు చుడితే చెవులు మూసుకుపోయి అద్దాలు నిలవవని, కాడలకి రబ్బరుతాడు కట్టాడు. పొద్దు వాలాక ఏమీ కనపడదు కనక వాటిని తువ్వాలు మీదికి నెట్టేసేవాడు.

"బావా, అవి కళ్లకా, నెత్తికా?" అన్నానొకసారి.

"నీలాంటోడు వెనకాల ఉంటే నెత్తికీ కళ్లుండాలిరా" అన్నాడు.

కన్ను పోయిన రోజు రేపల్లెలో కరెంటు పోయి ఆట ఆలస్యమైంది. అవతల టూరింగ్ టాకీసులో జనం ఈలలేసి, బెంచీలు బాదుతున్నారు. అది చూసి నేను ఖాళీగా వెనక్కి వస్తున్నాను, మా బావ డబ్బాతో ఎదురొస్తున్నాడు. చీకటి పడుతోంది. కాలవ తూము మీద గతుక్కి సైకిలు ఎగిరింది, నెత్తిమీది అద్దాలు జారి సరిగ్గా కళ్లమీద పడ్డాయి. చెయ్యి తీసి వాటిని నెట్టుకోబోయే లోపే తూము గోడకి ముఖం కొట్టుకున్నాడు. అప్పట్లో అద్దమంటే నిజంగా అద్దమే, పగిలి ఎడమకంట్లో దిగింది.

ఎడ్లబండి మీద రేపల్లె తీసుకొస్తే, హాలు ఓనరు గబగబా ఎదురొచ్చి బండిలోకి తొంగి చూసి, "డబ్బాకేం కాలేదుగా?" అన్నాడు. కాలేదండి అన్నాను. తెనాలి డాక్టరు గారు కన్ను తీసెయ్యాల్సిందే అన్నారు, తీసేశారు.

ఓనరు దయగలవాడని అందరూ అన్నారు, గేటు దగ్గర టిక్కెట్లు చింపే పనిచ్చాడు మరి. కొత్త బొమ్మ విడుదలైన రోజు ప్రింటు తెచ్చినవాళ్లెవరో ఏమన్నారో గానీ, ఓనరు మా బావని పక్కకి పిలిచాడు.

"ఏమీ అనుకోకు అబ్బాయ్, మొదటాటకి వచ్చేవాళ్లకి ఎదురు నువ్వుంటే బాగోదు. వెనక సైకిల్ స్టాండ్ చూసుకో."

"అలాగేనండి" అన్నాడు మా బావ. అంతే. ఊరందర్నీ వెక్కిరించి తిరిగే నా నోరు ఆ రోజు ఏమైందో నాకిప్పటికీ తెలీదు. తొంభైల్లో హాలు మూసేదాకా స్టాండులోనే ఉన్నాడు, తన ముందు నుంచి వెళ్లిన రీళ్లలో ఒక్కటీ చూడకుండా.

ఇప్పుడా హాలు ఎరువుల గోడౌను. బొమ్మలన్నీ జనం ఇళ్లలోనే చూసుకుంటున్నారు, గేటులో ఎవరు ఎదురొచ్చారో చూసుకునే పనే లేదు. రోజులు మారాయంటే నేనూ తలూపుతాను. కానీ మా బావ పోయేదాకా, వీధిలోకి వెళ్లాలంటే తలుపు సందులోంచి చూసి, ఏదైనా మంచిపని మీద వెళ్లేవాళ్లు కనపడితే వాళ్లు మలుపు తిరిగేదాకా లోపలే నిలబడేవాడు. ఆగమని ఆయనకి ఎవరూ చెప్పలేదు, వెళ్లమనీ ఎవరూ చెప్పలేదు.