నవ్వు తగ్గించిన ఫొటో

ఆబిడ్స్‌లో ఫొటో స్టూడియో నడిపే రవికిరణ్ ఫ్రేమును కౌంటరు మీద పెట్టి, చుట్టిన పాత పేపరు విప్పాడు. వేరే ఎవరి ఫొటోనో తన చేతికిస్తున్నాడనుకున్నాడు శ్యామ్‌సుందర్. తర్వాత ఎడమ చెంప మీద పుట్టుమచ్చ కనిపించింది. అది తల్లిదే. నుదురు మాత్రం సున్నం కొట్టిన గోడలా బోసిగా ఉంది. కొప్పులో పువ్వు లేదు. వెనకాల గడ్డీ చెట్లూ పోయి నీలం మబ్బులు వచ్చాయి. నోరు బిగించి ఉంది, ఎవరో గదమాయిస్తే ఊరుకున్నట్టు.

"ఇదెవరు?" అని అడిగాడు.

రవికిరణ్ ఏమీ కంగారు పడలేదు. "మీ అన్నగారు చెప్పిన్రు సార్. బొట్టు తియ్యి, పువ్వు తియ్యి, నవ్వు జర తగ్గియ్యి అన్నరు. చేసినం."

"నవ్వు తగ్గియ్యమంటే తగ్గిస్తవా?"

"కంప్యూటర్ల అయితది సార్. భర్త లేనోళ్ల ఫొటోలకు గిది మామూలే. తియ్యకపోతే వాపస్ తెస్తరు, మాకే డబల్ పని."

ప్యాంటు పొడుగైతే కత్తిరించానని దర్జీ చెప్పినట్టే చెప్పాడు. శ్యామ్‌సుందర్‌కు అతని చొక్కా పట్టుకోవాలనిపించింది. కానీ పట్టుకోవలసిన అన్న చొక్కా నాంపల్లిలో ఉంది. తన ఫోన్లో ఉన్న అసలు ఫొటోను అలాగే, వేలు పెట్టకుండా, తన ఇంటి కోసం ఇంకొకటి ప్రింటు వేయమని చెప్పి, ఫ్రేము చంకన పెట్టుకుని బయటపడ్డాడు.

శ్యామ్‌సుందర్ గన్‌ఫౌండ్రీలో ఒక సహకార బ్యాంకులో క్లర్కు. యాభై దాటాయి. పెళ్లిళ్లకు వెళ్లి ఫొటోలు తీసి సంపాదించే రకం కాదు. కోఠిలో కొన్న సెకండ్‌హ్యాండ్ కెమెరాను టిఫిన్ డబ్బాతో పాటు రోజూ ఆఫీసుకు మోస్తాడు. ఆబిడ్స్‌లో ఒక పాత మేడ గోడ పగిలి రావి మొక్క మొలిస్తే, దాన్ని ఎండల్లోనూ తీశాడు, వానల్లోనూ తీశాడు. ఒకసారి కారుతున్న నల్లా కింద గోరింకలు స్నానం చేస్తుంటే రోడ్డు మీద బోర్లా పడుకుని తీశాడు. ఫిట్స్ వచ్చాయనుకుని ట్రాఫిక్ కానిస్టేబుల్ తాళాల గుత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

నెలకో ఆదివారం కుటుంబంతో బాగే ఆమ్‌కు పోవడం అతని ఇంటి ఆనవాయితీ. బోర్డు మీద పబ్లిక్ గార్డెన్స్ అని ఉన్నా తల్లి ఎప్పుడూ బాగే ఆమ్ అనే అనేది. భార్య వైశాలి పులిహోర కలిపేది. కూతురు అక్షిత చాప పట్టుకునేది. చాదర్‌ఘాట్ నుంచి ఆటోలో వచ్చి, నాంపల్లిలో అన్న ఇంటి ముందు ఆగి తల్లిని ఎక్కించుకునేవాళ్లు. అన్న రామచంద్రమూర్తికి గౌలిగూడలో హార్డువేర్ దుకాణం ఉంది. ఆదివారమూ తెరిచేవాడు. ఒక్కసారీ రాలేదు.

శ్యామ్‌సుందర్ ఎవరినీ నవ్వమని అనడు. అడిగితే వచ్చే నవ్వు పళ్ల డాక్టరుకు తప్ప ఎవరికీ పనికిరాదంటాడు. చాప పరిచాక కెమెరా ఉడత మీదికి తిప్పి కూచునేవాడు. కాసేపటికి అందరూ అతన్ని మరిచిపోయేవాళ్లు. అప్పుడు కెమెరా ఇటు తిరిగేది.

తల్లి పేరు సౌభాగ్య. భర్త పోయి ఇరవై ఏళ్లు. ఆటో సందు మలుపు తిరగ్గానే రుమాలు ముడి విప్పి, చిటికెడు కుంకుమ తీసి నుదుట పెట్టుకునేది. తిరిగొచ్చేటప్పుడు అదే మలుపులో కొంగుతో తుడుచుకునేది. మొదటిసారి చూసి వైశాలి నోరు తెరిస్తే, ఆమె తాపీగా చెప్పింది: "మీ మామ పోయిన్నాడు అందరు గలిసి బొట్టు తుడిచిన్రు. పేరు తుడవరాలే. ఇంక సౌభాగ్య అనే పిలుస్తున్రు. పేరుకన్న పెట్టుకోవద్దా?"

ఆ ఫొటో పోయిన చలికాలంలోది. దేవగన్నేరు చెట్టు కింద రాలిన పువ్వును అక్షిత నాయనమ్మ కొప్పులో గుచ్చింది. అంతలో ఉడత ఒకటి ఆమె విస్తరిలోంచి పల్లీ గింజ ఎత్తుకుపోయింది. నోటి నిండా పులిహోరతో, నుదుట ఎర్రగా బొట్టుతో, ఆమె కళ్లు మూసుకుని నవ్వింది. చూసుకుని మురిసింది కూడా. పెద్దోనికి మాత్రం చూపించొద్దు, వానికి అన్నం దిగదు అంది. శ్యామ్‌సుందర్ ఎవరికీ చూపించలేదు.

ఆమె గుండె ఆగి దవాఖానలో పోయాక పెద్దకర్మకు ఫొటో కావలసి వచ్చింది. అన్న దగ్గర ఆధార్ కార్డు ఫొటో తప్ప లేదు. అందులో ఆమె దొంగతనం చేసి దొరికిపోయిన మనిషిలా ఉంది. శ్యామ్‌సుందర్ చాలాసేపు ఆలోచించి, దేవగన్నేరు చెట్టు కింది ఫొటో పంపి, "ఇదే పెట్టు అన్నా" అని రాశాడు. జవాబుగా అన్న బొటనవేలి బొమ్మ పంపాడు. ఒప్పుకున్నాడని తమ్ముడు అనుకున్నాడు, ఫ్రేము తెమ్మంటే ఆబిడ్స్‌కు వెళ్లాడు.

శ్యామ్‌సుందర్ స్టూడియో నుంచి నేరుగా వెళ్లి, నాంపల్లిలో అన్న ఇంటి హాలులో, మర్నాటి వంటలకు తెచ్చిన కూరగాయల సంచుల మధ్య ఫ్రేమును నిలబెట్టాడు.

"గిదేందన్నా?"

"ఏముంది? మంచిగ వచ్చింది."

"అమ్మ ఎన్నడన్న గిట్ల ఉన్నదా?"

"నా ఇంట్ల గిట్లనే ఉన్నది," అన్నాడు రామచంద్రమూర్తి. "ఇరవై ఏండ్లు నా ఇంట్ల ఉన్నది. బొట్టు నీ ఆటోల పెట్టుకున్నది."

అంటే అతనికి ఎప్పటినుంచో తెలుసు. తెలిసీ ఒక్క మాట అనలేదు, ఇప్పుడు చచ్చాక తుడిపించాడు. రేపు చుట్టాలొస్తారనీ, మొగుడు పోయినామె పువ్వు పెట్టుకుని నవ్వుతుంటే ఆమెనే అంటారు తప్ప కొడుకులను అనరనీ వివరించాడు. తమ్ముడు వినేలా లేడని చూసి గొంతు పెంచాడు.

"ఆయాసమొచ్చిన రాత్రి లేచింది నేను. దవాఖానల కూసున్నది నేను. నువ్వు నెలకోనాడు ఫొటో దీసినవ్. ఫొటో దీస్తే కొడుకువైపోతవారా?"

అందులో అబద్ధం లేదు. నిజం తగిలితే కోపం చల్లారుతుందంటారు. శ్యామ్‌సుందర్‌కు రెట్టింపైంది. మందులిచ్చిన చెయ్యి అయితే మాత్రం ముఖం మార్చేస్తుందా? చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా మెట్లు దిగిపోయాడు.

పెద్దకర్మ నాడు ఫొటోను హాలులో కుర్చీ మీద పెట్టి దండ వేశారు. నుదురు ఉన్నచోట అద్దం మీద గంధం చుక్క పెట్టారు. ఆ పైన గోడకు తండ్రి ఫొటో ఉంది. దాని అద్దం మీద రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు, తాజాది. శ్యామ్‌సుందర్ రెండింటినీ మార్చి మార్చి చూశాడు. పోయినాయనకు కుంకుమ పనికొచ్చింది. ఆయన పోయినందుకు ఈమెకు పనికిరాకుండా పోయింది.

పురోహితుడు రామచంద్రమూర్తి వేలికి దర్భ పవిత్రం తొడిగి సంకల్పం చెప్పించాడు. పవిత్రం వేలికున్నంతసేపు కర్త ఆసనం మీంచి లేవకూడదనీ, లేస్తే అంతా మొదటినుంచీ చెయ్యాలనీ హెచ్చరించాడు. ఆ మాట చెవిన పడగానే శ్యామ్‌సుందర్ దేవుడి గదిలోకి వెళ్లి కుంకుమ భరిణె తెచ్చాడు. బొటనవేలు అందులో ముంచి, అద్దం మీద గంధం చుక్కను కప్పేసేలా గట్టిగా నొక్కాడు.

వెనకనుంచి ఒక ముసలామె శివ శివా అంది.

"తుడువురా," అన్నాడు రామచంద్రమూర్తి.

"నువ్వొచ్చి తుడువు."

రామచంద్రమూర్తి సగం లేచాడు. పురోహితుడు మంత్రం ఆపి, నువ్వుల గిన్నె పట్టుకుని అతని ముఖంలోకి చూశాడు. అప్పటికే ఆలస్యమైంది, ఆయనకు మధ్యాహ్నం మరో ఇల్లుంది. రామచంద్రమూర్తి మళ్లీ కూలబడ్డాడు. నువ్వన్న తుడువు అని భార్యకు సైగ చేశాడు. చేతులకు వడల పిండి ఉందని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమె చేతులు శుభ్రంగానే ఉన్నాయి. అందరూ చూశారు.

పిండాలు పూర్తయ్యేదాకా శ్యామ్‌సుందర్ కుర్చీ పక్కనే నిలబడ్డాడు. వైశాలి వచ్చి కూచోమంటే తల అడ్డంగా ఊపాడు.

చివరికి పవిత్రం విప్పి పడేసి రామచంద్రమూర్తి లేచాడు. తిమ్మిరెక్కిన కాళ్లతో కుంటుతూ తమ్ముడి ముందుకొచ్చాడు.

"తీస్కపో గీ ఫొటో. నా ఇంట్ల ఉంచ."

"నేను దీస్కపోను. నా ఇంటికి వేరేది వస్తది, దాంట్ల అమ్మ నుదుటి మీదనే ఉన్నది బొట్టు. గిది నీ ఇంటిది, నువ్వే చేయించినవ్. తుడువాల్నంటే తుడువు. నాన్న పోయిన్నాడు తుడిచినట్టు, అందరి ముంగట తుడువు."

రామచంద్రమూర్తి పళ్లెం పక్కనున్న తడిగుడ్డ అందుకున్నాడు. భోజనాల బంతిలో విస్తళ్లు వేసి పప్పు వడ్డించారు. ఒక్కరూ చెయ్యి పెట్టలేదు, అందరూ ఇటే చూస్తున్నారు. అతను గుడ్డ పట్టుకుని ఫొటో ముందు నిలబడ్డాడు. చెయ్యి అద్దం దాకా వెళ్లి అక్కడే ఆగింది. గుడ్డలోంచి నీళ్లు కారి అతని పంచె తడుస్తున్నాయి.