అవ్వ గరుడపచ్చ

ఒక రాక్షసుడి పిత్తాన్ని గరుత్మంతుడు ఎత్తుకుపోతూ జారవిడిస్తే అది గరుడపచ్చ అయిందట. అందుకే పాము విషాన్ని లాగేస్తుందట. మా అవ్వ ఉంగరంలో ఉన్నది ఆ రాయే. పాలలో వేస్తే పాలు పచ్చబడాలి, అదే దానికి పరీక్ష.

యుద్ధం రోజుల్లో ఒక వానాకాలం, వేరుశనగ చేనులో మా నాయనను పాము కరిచింది. తిరుపతి ఆసుపత్రికి పోదామని నేను బండి కట్టించాను. అవ్వ ఉంగరాన్ని పాలగిన్నెలో వేసింది.

"సూడండి, పాలు పచ్చబడినాయి. విసం దిగిపోతాది. ఎద్దుల్ని ఇప్పండి," అంది.

విప్పారు. ఆ పాలు తాగిన నాయన పొద్దు వాలకముందే పోయాడు.

కర్మలు అయ్యాక అవ్వ ఉంగరాన్ని పుత్తూరు కంసాలికి చూపించింది. "అసలు పచ్చేనమ్మా, అనుమానం లేదు," అన్నాడతను. ఆ మాటకు ఆమె ముఖం తేటపడడం చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

మరుసటి ఏడు పక్క పల్లెవాళ్లు ఉంగరం కోసం పరుగెత్తుకొచ్చారు. వాళ్ల కోడలిని పాము కరిచిందట. అడిగినవాళ్లకు లేదనకూడదన్నది మా ఇంటి ఆచారం. అవ్వ అప్పటికే మంచం పట్టింది, పెట్టె తాళంచెవి నా కొంగున ఉంది. నేనే తీసి ఇచ్చాను. "ముందు బండి కట్టండి" అన్న ఒక్క మాట నా నోట రాలేదు.